బాలింత నొప్పి ఓర్చుకొనదగినదేనా?

(మన సంఘ మహిళాశాఖ సమావేశమున, మత్తుమందు శాఖలో చిరకాలము పనిచేసిన ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘపు వేదికపై సాధారణముగా భాషను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, బళ్లారి రాఘవగారి నాటకములను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు నేను మాట్లాడబోవునది సభలకెక్కు విషయము కాదని కొందరికి తోచవచ్చును. అది బాలింత గదిలోని విషయము. తలుపు దగ్గరగా వేసి మెల్లగా చెప్పుకొను విషయము. ఆపరేషన్ చేసి బిడ్డను తీసిన పిమ్మట తల్లికి కలుగు నొప్పిని ఎట్లు తగ్గింపవలెను? అందుకు ఏ మందులు చాలును? వానిని ఏ వేళకు వాడవలెను? ఏ నొప్పికి భయపడవలెను, దేనికి భయపడనక్కరలేదు? ఇంతయే నేను చెప్పదలచినది.

ఇది ఏ కొందరి యిండ్లకో సంబంధించిన సంగతి గాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ పద్ధతిని జరిగినవి. కర్ణాటకమున ఈ సంఖ్య 31.5, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7. మన బంధుత్వములన్నియు ఈ మూడు రాష్ట్రములలోనే కదా! ఇన్ని ఆపరేషన్లు అవసరమా యనునది వేరు ప్రశ్న. దానికి వేరొక సభ కావలెను. ఆపరేషన్ జరిగిన తల్లి మన కన్నుల యెదుట మంచముపై ఉన్నది. ఆమె సంగతి ముందు చూతము.

ఆ మంచము ప్రక్కన మన పెద్దలు పలుకు మొదటి మాట యేమి? "ఓర్చుకో తల్లీ, ఆడపుట్టుక పుట్టిన తరువాత ఓర్చుకొనక తప్పునా!" ఆ మాట ప్రేమతో పలికినదే, సందేహము లేదు. అయినను అది వైద్యము కాదు. పైగా ఆ మాట విన్న పిల్ల అటుపై తన నొప్పిని చెప్పుట మానివేయును. మందు అడుగుట మారాము చేయుటగా భావించును. ఈ మౌనము వలన జరుగు కీడును నేను నా వృత్తిలో పలుమారులు చూచితిని.

ఓర్చుకొనుటయే స్త్రీధర్మమను మాట మన దేశముననే పుట్టినది కాదు. 1847లో ఎడింబరో నగరమున జేమ్స్ యంగ్ సింప్సన్ అను వైద్యుడు ప్రసవవేదనకు క్లోరోఫారము వాడగా, ఆ వేదన దైవనిర్ణయమనియు, దానిని మాన్పరాదనియు కొందరు ఆక్షేపించిరి. 1853లో విక్టోరియా రాణి తన కాన్పునకు అదే మందు తీసికొనిన పిదప ఆ ఆక్షేపణ చాలవరకు అణగినది. ఈ చరిత్రలో మన ప్రాంతమునకును భాగము కలదు. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని పూనికతో, నిజాము ప్రభుత్వపు ధనసహాయముతో, 1888లోను 1889లోను క్లోరోఫారముపై రెండు విచారణ సంఘములు పరిశోధనలు జరిపినవి. అక్కడనే వైద్యము నేర్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ గారు మత్తుమందు ఇచ్చుటలో ప్రవీణురాలై, ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యులలో నొకరుగా పేరొందిరి.

ఈ విధముగా, కత్తి పెట్టు సమయమున నొప్పి తెలియకుండ చేయవలెనను విషయము నేడు వివాదము లేనిది. వెన్నులో ఇచ్చు మత్తుసూదితో నడుము క్రింది భాగము మొద్దుబారును. తల్లి మెలకువగా ఉండి బిడ్డ యేడుపు వినును. కాని ఆ మొద్దుతనము కొద్ది గంటలలో వదలిపోవును. అటుపిమ్మట ఏమి? అక్కడనే మన శ్రద్ధ సన్నగిల్లుచున్నది. బిడ్డ చేతికి వచ్చినదను సంతోషములో అందరి చూపును ఉయ్యాల వైపునకు తిరుగును. తల్లి కడుపుపై కోత యున్నదను సంగతి తల్లికి తప్ప అందరికిని మరపునకు వచ్చును.

ఆ నొప్పి ఒక్కటి గాదు, మూడు. మొదటిది కోత నొప్పి. చర్మము, దాని క్రింది పొరలు, గర్భాశయము కోసి కుట్టబడినవి గావున, దగ్గినను, నవ్వినను, ప్రక్కకు తిరిగినను, లేవబోయినను అది చురుక్కున పొడుచును. రెండవది గర్భాశయపు పోటు. బిడ్డ పాలు త్రాగునప్పుడు గర్భాశయము ముడుచుకొనును. అది రక్తస్రావము తగ్గుటకు ప్రకృతి చేసిన యేర్పాటు. మొదటి కాన్పు కంటె తరువాతి కాన్పులలో ఈ పోటు హెచ్చు. మూడవది వాయువు. ఆపరేషన్ పిమ్మట ప్రేగులు మందగించి పొట్ట ఉబ్బును. మూడింటికిని మందు ఒక్కటి గాదు. వాయువునకు లేచి నడచుటయే మొదటి మందు. కాని మొదటి రెండు నొప్పులు తగ్గనిదే తల్లి నడువలేదు.

"నాలుగు దినములు నొప్పి యుండిన ఏమి మునిగిపోయినది?" అని మీరడుగవచ్చును. నొప్పి యున్న తల్లి గట్టిగా గాలి పీల్చదు, దగ్గదు. ఊపిరితిత్తులలో కఫము నిలుచును. ఆమె మంచము దిగదు. అసలే బాలింతకు కాలి నరములలో రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చు, కదలక పడియుండిన అది మరింత పెరుగును. ఆమె బిడ్డను ఒడిలోనికి సరిగా తీసికొనలేదు, బిడ్డ సరిగా చీకదు, పాలు ఆలస్యమగును. అప్పుడు "ఈమెకు పాలు లేవు" అని డబ్బాపాలు తెత్తురు. పాలు లేకపోవుట గాదు, నొప్పి యుండుట అసలు కారణము. ఇంకను, మొదటి దినములలో తీవ్రమైన నొప్పి ననుభవించిన వారిలో ఆ నొప్పి నెలల తరబడి నిలుచుట హెచ్చుగా కనబడుచున్నది. కావున నొప్పి తగ్గించుట విలాసము గాదు. అది తల్లికిని బిడ్డకును చేయవలసిన చికిత్స.

ఇక మందుల సంగతి. నొప్పి మందులను స్థూలముగా రెండు కుటుంబములుగా విభజింపవచ్చును. ఒకటి నల్లమందు కుటుంబము; రెండవది దానితో సంబంధము లేనిది.

నల్లమందు మన తాతలకు తెలియని వస్తువు గాదు. నల్లమందు పాలలోని సారమే మార్ఫిన్. ఆ జాతివే కోడీన్, ట్రామడాల్ మొదలగునవి. తీవ్రమైన నొప్పికి వానిని మించినవి లేవు. ఆపరేషన్ గదిలో వెన్నుసూదితో పాటు అతిస్వల్ప పరిమాణమున మార్ఫిన్ కలిపి యిచ్చిన యెడల సుమారు ఒక దినము వరకు నొప్పి తగ్గియుండును. అది వైద్యుల కనిపెట్టులో జరుగు పని, దానికి భయపడనక్కరలేదు. కాని ఈ జాతి మందులను ఇంటికి తెచ్చుకొని మ్రింగుట వేరు సంగతి. అవి మగతను, వాంతిని, మలబద్ధమును కలిగించును. చనుబాలలోనికిని కొంత చేరును. కొందరి శరీరతత్త్వములో కోడీన్, ట్రామడాల్ అతిశీఘ్రముగా బలమైన రూపమునకు మారును. అట్టి తల్లి పాలు త్రాగిన బిడ్డ మగతలోనికి జారి, ఊపిరి మందగింపవచ్చును. ఈ కారణముననే 2017లో అమెరికా దేశపు ఔషధ నియంత్రణ శాఖ పాలిచ్చు తల్లులకు ఈ రెండును తగవని హెచ్చరించినది. మన దేశమున 2018లో ట్రామడాల్‌ను మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిరి.

అమెరికాలో చాలకాలము సిజేరియన్ అయిన తల్లులకు ఈ జాతి మాత్రలనే చీటీ వ్రాసి యింటికి పంపుచుండిరి. 2016లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, అంతకు పూర్వము వానినెరుగని తల్లులలో సుమారు 300 మందికి ఒకరు ఆపరేషన్ పిమ్మట వానిని దీర్ఘకాలము వాడుచుండిరని తేలినది. పెక్కుమందికి ఆ మాత్రలు అవసరమే లేదని గ్రహించి, వారిప్పుడు రెండవ కుటుంబపు మందులను ముందుంచుచున్నారు. మన ఆసుపత్రులలో వాడుకగా ఇచ్చునవియు చాలవరకు ఆ రెండవ కుటుంబపువే. మన దగ్గర లోపము మందులో లేదు. దానిని వాడు తీరులో నున్నది. ఇది నేటి ప్రసంగమునకు కీలకము.

ఆ రెండవ కుటుంబమున ఇద్దరు ముఖ్యులు. ఒకటి పారాసిటమాల్. జ్వరమునకు వాడు సామాన్యమైన మాత్ర యని దీనిని చులకన చేయుదురు. అది ప్రధానముగా మెదడు, వెన్నుపాములలో నొప్పి గ్రహణమును తగ్గించును. రెండవది వాపును, నొప్పిని కలిపి తగ్గించు మందు: ఐబుప్రొఫెన్ గాని, డైక్లోఫెనాక్ గాని. ఐబుప్రొఫెన్‌ను ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరమున స్టీవర్ట్ ఆడమ్స్, జాన్ నికల్సన్ అనువారు 1961లో కనుగొనిరి. గాయపడిన చోట శరీరము ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థమును పుట్టించును. అది నొప్పిని, వాపును పెంచును. ఆస్పిరిన్ వంటి మందులు దాని పుట్టుకను అడ్డునని జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు 1971లో నిరూపించి, 1982లో నోబెల్ బహుమానము పంచుకొనెను. గర్భాశయపు పోటును కలిగించునదియు ఆ పదార్థమే గావున, బిడ్డకు పాలిచ్చునప్పటి పోటునకు ఈ మందులు చక్కగా పనిచేయును.

ఈ రెండును వేరువేరు దారులలో పనిచేయుచున్నవి గావున, రెండింటిని కలిపి వాడినచో ఒక్కొక్కదానికంటె హెచ్చు ఫలము కలుగును. ఒక యెద్దు లాగలేని బండిని రెండెడ్లు సులువుగా లాగినట్లు. శస్త్రచికిత్స పిమ్మటి నొప్పిని గూర్చి పనిచేయు ప్రాస్పెక్ట్ అను నిపుణుల బృందము 2021లో సిజేరియన్ తల్లులకై ప్రకటించిన సూచనలలోను ఈ జంటకే పునాదిస్థానము. వీనిని వేళ తప్పక వాడవలెననియు, నల్లమందు జాతిని ఇవి చాలనప్పుడు మాత్రమే వాడవలెననియు వారు చెప్పిరి.

వేళ తప్పక యను మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. మన యిండ్లలో మందు వాడు పద్ధతి యేమనగా, నొప్పి భరింపరానిదైన పిమ్మట ఒక మాత్ర వేసికొనుట. మాత్ర పనిచేయుటకు అరగంట, గంట పట్టును. ఆలోగా నొప్పి పైకెక్కి కూర్చుండును. "ఈ మాత్ర పనికిరాదు" అను మాట వచ్చును. గడ్డివాముపై పడిన నిప్పురవ్వను చెంబెడు నీటితో ఆర్పవచ్చును. వాము అంటుకొనిన పిదప బావి నీరు చాలదు. నొప్పియు నట్టిదే. మొదటి రెండు మూడు దినములు నొప్పి యున్నను లేకున్నను గడియారము చూచి మందు వేయవలెను. వెన్నుసూది మొద్దుతనము వదలకముందే మొదటి మోతాదు పడియుండవలెను.

సాధారణముగా వైద్యులు వ్రాయు మోతాదులు ఇవి. పారాసిటమాల్ 6 గంటల కొకసారి, 650 మిల్లీగ్రాములు గాని ఒక గ్రాము గాని. ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు మించరాదు. 50 కిలోలకు తక్కువ బరువున్న తల్లికి వైద్యులు మోతాదు తగ్గింతురు. ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు దినమునకు మూడుసార్లు, లేదా డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు మూడుసార్లు. ఈ రెండింటిలో ఒక్కటియే గాని, రెండును కలిపి వేయరాదు. వీనిని ఆహారముతోనే వేయవలెను. తెల్లవారి 6, మధ్యాహ్నము 12, సాయంత్రము 6, రాత్రి 12 గంటలకు పారాసిటమాల్. ఉదయపు ఫలహారముతో, మధ్యాహ్నపు అన్నముతో, రాత్రి భోజనముతో రెండవది. ఈ పట్టికను కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. సెల్‌ఫోనులో గంట పెట్టుడు. ఇది భర్త చేయదగిన పని. నొప్పి తగ్గుకొలది ముందు రెండవ మందును, పిమ్మట పారాసిటమాల్‌ను మానవచ్చును. చాలమందికి వారము పది దినములకు మించి అవసరముండదు. ఇది మీకు తెలియుటకై చెప్పితిని. మీ తల్లికి ఏది, ఎంత యనునది ఆమెను చూచిన వైద్యుడు వ్రాసిన చీటీయే నిర్ణయించును.

ఇచట ఒక జాగ్రత్త. అంగడిలో మాత్రల పేర్లు వేరైనను లోపలి మందు ఒక్కటే కావచ్చును. పారాసిటమాల్‌తో అసెక్లోఫెనాక్ కలిపినవి, ట్రామడాల్ కలిపినవి పెక్కు పేర్లతో అమ్ముదురు. ఒకటి జ్వరమునకు, ఒకటి నొప్పికి, ఒకటి జలుబునకు అని మూడు మాత్రలు వేసికొనిన తల్లి, తెలియకయే మూడింతల పారాసిటమాల్ మ్రింగినదగును. దాని దెబ్బ కాలేయముపై పడును. మందు అట్టపై చిన్న అక్షరములలో నున్న అసలు పేరును చదువుడు. చదువలేకున్న చదువగల పిల్లవానిచే చదివింపుడు.

రెండవ మందు అందరికిని తగదు. కడుపులో పుండు ఉన్నవారు, ఈ జాతి మందుతో ఆయాసము గాని దద్దురు గాని వచ్చినవారు, మూత్రపిండముల వ్యాధి గలవారు, కాన్పులో అధిక రక్తస్రావమైనవారు, మూత్రము తగ్గినవారు, రక్తపు పోటు బాగుగ పెరిగి అవయవములకు దెబ్బ తగిలినవారు దీనిని వైద్యుని అనుమతి లేక తాకరాదు. ఈ మందు మూత్రపిండములకు పోవు రక్తమును కొంత తగ్గించును. నిండుగా నీరున్న శరీరమున అది లెక్కలోనికి రాదు. ఎండిన శరీరమున అది ప్రమాదము.

ఈ మాట చెప్పునప్పుడు మన ఊరి దుఃఖమును తలపక తప్పదు. 2024 నవంబరు నెలలో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన తల్లులు కొందరు తీవ్రముగా జబ్బుపడి, మూత్రపిండములు మొదలగు అవయవములు చెడి, ఐదుగురు మరణించిరి. నరమునకెక్కించిన రింగర్ లాక్టేట్ అను ద్రవముపై ప్రభుత్వము అనుమానము ప్రకటించి దాని వాడుకను ఆపించినది. ఆ తల్లుల బిడ్డలు నేడు తల్లిలేని పిల్లలు. ఆనాటి నుండి మన యిండ్లలో "ఏ మందును నమ్మరాదు" అను భయము ప్రవేశించినది. ఆ భయము నాకు అర్థమగును. కాని ఆ యనుమానము పడినది నరమునకెక్కించిన ద్రవముపై గాని, నొప్పి మాత్రలపై గాదు. ఆ దుఃఖము నుండి నేర్వదగినది మందు మానుట గాదు, అడుగుట. "ఇది ఏ మందు? ఎందులకు? మూత్రము సరిగా వచ్చుచున్నదా?" అని అడుగు హక్కు ప్రతి తల్లికిని, ఆమె ప్రక్కనున్న వారికిని కలదు.

మూత్రము మాట వచ్చినది గావున మన ఆచారములను గూర్చి రెండు మాటలు. బాలింతకు నీరు ఎక్కువ ఇచ్చిన పొట్ట పెరుగుననియు, ఒంటికి నీరు పట్టుననియు తలచి, కొన్ని యిండ్లలో గ్రుక్కెడు గ్రుక్కెడుగా నీరు కొలిచి యిత్తురు. బళ్లారి యెండ సంగతి మీకు నేను చెప్పవలెనా! పాలిచ్చు తల్లికి మామూలు కంటె హెచ్చు నీరు కావలెను. నీరు తగ్గించి, పథ్యమని కడుపు మాడ్చి, ఆ పైని డైక్లోఫెనాక్ వేయుట మూత్రపిండములకును కడుపునకును ద్రోహము చేయుటయే. ఆపరేషన్ పిమ్మట వైద్యులు త్రాగవచ్చునన్న క్షణము నుండి దాహము తీర నీరు, మజ్జిగ, రాగిజావ ఇయ్యుడు.

మన ఆచారములన్నియు తప్పని నేననుట లేదు. నడుమునకు గుడ్డ చుట్టుట మన పెద్దలు చేయించెడివారు. పొట్టకు పట్టీ కట్టుట వలన కోత నొప్పి తగ్గునని నేను చెప్పిన 2021 నాటి సూచనలలోను ఉన్నది. అయితే అది ఊపిరి తిరుగునంత వదులుగా ఉండవలెను. కోతపై చెమ్మ నిలువరాదు. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండును కోతపై అదిమి పట్టుకొనుట, లేచునప్పుడు వెల్లకిల నుండి గాక ఒక ప్రక్కకు తిరిగి చేతిపై ఆనుకొని లేచుట, ఇవి మందు కాని మందులు.

"మాత్రలు వేసినచో పాలు చెడును, పాలు ఎండును" అను మాట నేను వినని వారము లేదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలలోనికి చేరు పరిమాణము మిక్కిలి స్వల్పము. బిడ్డకు జ్వరమునకిచ్చు మోతాదులో అది చిన్న భాగము మాత్రమే. పాలు ఎండుట వీని వలన గాదు. ఒక యువతి అత్తగారికి భయపడి ఆసుపత్రి వారిచ్చిన మాత్రలను చీర చెంగున ముడివేసి దాచుకొనినది. మూడవనాడు ఆమె మంచము దిగలేకపోయినది. ముడి విప్పి చూడగా తొమ్మిది మాత్రలున్నవి. మాత్ర పనిచేయలేదని అందరును అనుకొనిరి. అది ఆమె నోటికే చేరలేదు. అట్లే "వెన్నుసూది వలన జన్మమంత నడుము నొప్పి" అను మాటయు. సూది గుచ్చిన చోట కొద్ది దినములు నొప్పి యుండవచ్చును. ఆపై నిలుచు నడుము నొప్పికి గర్భభారము, బిడ్డను వంగి యెత్తుట, సరిగా కూర్చొనక పాలిచ్చుట సాధారణ కారణములు.

ఇక నేను చివరగా చెప్పదలచినది మన సంఘమునకు మిక్కిలి దగ్గరి విషయము. అది నొప్పి భాష.

1953 అక్టోబరు 1న మన బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమున చేరినవి. గీత నేలపై పడినది గాని పెండ్లి సంబంధములపై పడలేదు. నేటికిని మన పిల్ల రాయదుర్గమునకు కోడలుగా పోవును. మొదటి కాన్పునకు పుట్టింటికి వచ్చును. గుంతకల్లు పిల్ల మన యింటికి కోడలుగా వచ్చును. మనకు కన్నడము క్రొత్త గాదు. మన యిండ్లలో రెండు భాషలును నడచును. కాని ఆ వైపు నుండి వచ్చిన పిల్లకు, ఆమె వెంట వచ్చిన తల్లికి అది రాదు. వచ్చినను, నొప్పిలో మనిషికి తల్లి పలుకే నోట వచ్చును.

తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నవో చూడుడు: పోటు, సలుపు, మంట, తీపు, పీకు, గుంజు. ఇవి అలంకారములు గావు, వైద్యునకు గుర్తులు. పాలిచ్చునప్పుడు వచ్చి పోవునది పోటు, అది సహజము. కోత చోట విడువక కొట్టుకొనునది సలుపు. అది చీము పట్టుచున్న గుర్తు కావచ్చును. ఒకానొక ఆసుపత్రిలో ఆ వైపు పిల్ల యొకతె "సలుపుతోంది, సలుపుతోంది" అని రెండు దినములు చెప్పినది. తెలుగు రాని నర్సు దానిని మామూలు నొప్పిగా తలచి, మాత్ర ఇచ్చి పోయినది. మూడవనాడు కుట్లు విప్పవలసి వచ్చినది. ఆ నర్సు నిర్దయురాలు గాదు. ఒక్క మాట ఇటునుండి అటు దాటలేదు, అంతే. కన్నడములో నొప్పి "నోవు", మంట "ఉరి", చీము "కీవు". ఈ మూడు మాటలైనను వచ్చిన వారికి నేర్పుడు. అంతకంటె మేలు, రెండు భాషలు తెలిసిన మన స్త్రీ యొకతె ఆ మంచము ప్రక్కన గంటసేపు కూర్చుండుట. భాషాసేవ యనగా సభలు చేయుటయే గాదు.

నొప్పి మందు వేయుచున్నను ఈ క్రింది వానిలో ఏది కనబడినను ఇంటిలో ఓర్చుకొనరాదు. తగ్గుచున్న నొప్పి మరల పెరుగుట, జ్వరము, చలి, కోత ఎఱ్ఱబడి చీము గాని దుర్వాసన గాని వచ్చుట, గంటకొక గుడ్డ తడియునంత రక్తస్రావము, ఒక పిక్క వాచి నొప్పి పుట్టుట, ఆయాసము, ఎదనొప్పి, మూత్రము తగ్గుట, కూర్చున్న పెరిగి పండుకొన్న తగ్గు తలనొప్పి, చూపు మసకతో కూడిన తీవ్రమైన తలనొప్పి. వీనికి మాత్ర మందు గాదు, ఆసుపత్రియే మందు. రాత్రియైనను 108కి ఫోను చేయుడు. సరిహద్దు దాటి అత్తవారింటికి పోవునప్పుడు ఆసుపత్రి చీటీని తప్పక వెంట నుంచుకొనుడు. అందు ఏ ఆపరేషన్ జరిగినది, ఏ మందు పడలేదు అనునవి ఉండును. ఆదోనిలో చూచు వైద్యునకు బళ్లారిలో జరిగినది అదియే చెప్పును.

సోదరీమణులారా! నేను మిమ్ము కోరునవి మూడు. కాన్పునకు ముందే వైద్యుని అడుగుడు: "ఆపరేషన్ పిమ్మట నొప్పికి ఏమి యిత్తురు, ఏ వేళకు?" ఇంటికి వచ్చిన పిదప మందును వేళకు, అన్నముతో, నిండైన నీటితో ఇయ్యుడు. మూడవది అన్నిటికంటె సులువు, అన్నిటికంటె కష్టము: "ఓర్చుకో" అనుటకు ముందు "ఎక్కడ, ఎట్లున్నదమ్మా నొప్పి?" అని అడుగుడు, ఆమె చెప్పునది వినుడు.

మన తల్లులు ఓర్చుకొనిరి. వారికి వేరు దారి లేకపోయినది. వారి ఓర్పునకు మనము నమస్కరింతము. కాని మందు చేతనుండగా మన కూతుళ్లను కోడండ్రను అదే ఓర్పు కోరుట వారికి గౌరవము గాదు. రూపాయలలో అందు రెండు సామాన్యమైన మాత్రలు, ఒక గడియారము, ఒక చెంబు నీరు, వినెడి చెవి యొకటి. చాలమంది తల్లులకు ఇంతకు మించి అక్కరలేదు.